పేదవాళ్ళే, కానీ...

మన పత్రికల్లో ఆడవాళ్ళు రాసే యాత్రా కథనాలు బాగా పెరిగాయి. సంతోషమే. ఒక ఆడది తన పెట్టె తనే సర్దుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా గడప దాటిందంటే ఆ కథ ఏ దేశంలో జరిగినా ముందు మన కథే. నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' చదివి, రైలెక్కితే చాలు బతుకు మారిపోతుందని కలలుగన్న పిల్లల్లో నేనూ ఒకదాన్ని. కాబట్టి నేనిప్పుడు రాయబోయేది ప్రయాణాల మీద ఫిర్యాదుగా చదవొద్దని ముందే మనవి. నా తగువంతా ఒక్క వాక్యంతో.

"వాళ్ళు చాలా పేదవాళ్ళు, కానీ ఎంత ఆదరంగా చూస్తారో!"

లావోస్ వెళ్ళొచ్చినవాళ్ళు ఇదే రాస్తారు. కంబోడియా వెళ్ళొచ్చినవాళ్ళు ఇదే రాస్తారు. దేశం పేరు మారుతుంది, వాక్యం మారదు. దాని కింద ఒక ఫోటో ఉంటుంది. మధ్యలో రచయిత్రి, ఒళ్ళో ఒక పిల్ల, చుట్టూ ఇంకో పదిమంది పిల్లలు, అందరి ముఖాల్లోనూ నవ్వు. ఆ పిల్లల పేర్లు మాత్రం ఉండవు.

ఈ వాక్యం నేనూ రాశాను. అలాంటి ఫోటో నా దగ్గరా ఉంది. అందుకే ఈ తగువు పెట్టుకునే హక్కు నాకుందనుకుంటున్నాను.

సాహిత్య విద్యార్థిని కాబట్టి ముందు వ్యాకరణం దగ్గర మొదలుపెడతాను. ఆ వాక్యంలో 'కానీ' ఏం చేస్తోంది? రెండు పొసగని విషయాల మధ్య వాడే మాట అది. అంటే పేదరికమూ ఆదరణా ఒకచోట ఉండవని రాసినావిడ అనుకుంటోందన్నమాట. పేదవాళ్ళు చిరాగ్గా ఉంటారు, చేతివాటం చూపిస్తారు, మీద పడి అడుక్కుంటారు అని లోపల ఎక్కడో ఉంది. అది జరగకపోయేసరికి ఆశ్చర్యం కలిగింది. ఆ ఆశ్చర్యానికే మెచ్చుకోలు అని పేరు పెట్టుకున్నాం. 'కానీ' చేసే రెండో పని ఇంకా పెద్దది. అది మొదటి సగాన్ని అక్కడితో ముగించేస్తుంది. "వాళ్ళు చాలా పేదవాళ్ళు" అన్నాక ఎవరైనా "ఎందుకు?" అని అడగాలి. ఆ ప్రశ్నకి చోటు లేకుండా వెంటనే నవ్వు వచ్చి కూర్చుంటుంది.

*

2013 డిసెంబరులో నేను కంబోడియా వెళ్ళాను. అప్పటికి నాకు పాతికేళ్ళు, ఎం.ఫిల్. చేస్తున్నాను. మూడు వారాలు సియెమ్ రీప్ పట్టణం శివార్లలోని ఒక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పే స్వచ్ఛంద సేవ. నాకు భోజనం, వసతి, "అనుభవం" ఇస్తారు. అందుకు నేను ఆరువందల డాలర్లు కట్టాలి. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కట్టాడు. "గోవా వెళ్తానంటే ఇచ్చేవాణ్ణి కాదు, నలుగురికీ పనికొచ్చే పని కదా" అన్నాడు. ఒంటరిగా విమానం ఎక్కుతానంటే రాద్ధాంతం చేసిన ఇల్లు 'సేవ' అనగానే మెత్తబడింది. ఆడపిల్ల తన కోసం తను తిరిగితే తప్పు, ఇతరుల కోసం తిరిగితే ఒప్పు. ఈ కిటుకు నాకు తెలుసు. తెలిసే వాడుకున్నాను.

పాఠాలు చెప్పడంలో నాకు శిక్షణ లేదు, ఖ్మేర్ భాషలో ఒక్క ముక్క రాదు. మన ఊళ్ళో ఏ బడీ నన్ను అలా నేరుగా తరగతి గదిలోకి పంపదు. అక్కడ పంపారు. పిల్లలు 'నియక్ క్రూ' అని పిలిచేవాళ్ళు. టీచరమ్మా అని. ఆ 'క్రూ' మన 'గురు'వే అని తెలిసి మురిసిపోయాను. రెండో రోజుకల్లా ఒక ఎనిమిదేళ్ళ పిల్ల నా జడ అల్లడం మొదలుపెట్టింది. నేను కూర్చుంటే వచ్చి ఒళ్ళో కూర్చునేది. ఇంత తొందరగా ఇంత ప్రేమా అని డైరీలో రాసుకున్నాను. ఎవరు వచ్చినా రెండో రోజుకే ఒళ్ళో చేరే పిల్ల విషయంలో ఏదో తేడా ఉందని, పరాయివాళ్ళని చూసి కాస్త జంకే పిల్లే క్షేమంగా పెరుగుతున్నట్టని నాకు తట్టలేదు. మా అక్క కూతురు కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళకపోతే "తెలివైన పిల్ల" అని మెచ్చుకునేదాన్ని నేనే.

డిసెంబరు చివరి ఆదివారం ఒకావిడ పక్కూరి మనిషి మోటారు సైకిలు మీద వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో అరటిపళ్ళు, ఒక కొత్త గౌను. నా జడ అల్లే పిల్ల చేతిలో దువ్వెన పడేసి పరిగెత్తింది. వంటావిడకి గతంలో హోటల్లో పనిచేసిన ఇంగ్లీషు కొంచెం ఉండేది. "తల్లి" అంది నాతో, మామూలుగా. "నామ్‌పెన్‌లో బట్టల ఫ్యాక్టరీ. ఇప్పుడు సమ్మె. అందుకని రాగలిగింది."

అనాథాశ్రమంలో తల్లి!

నిర్వాహకుడు కాస్త కంగారుపడ్డాడు. ఆ సాయంత్రం ఆస్ట్రేలియా నుంచి దాతలు వస్తున్నారు, ఆవిడని వెనక వంటింటి వైపు కూర్చోబెట్టమన్నాడు. కూర్చోబెట్టారు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. వంటావిడ ద్వారా ఆవిడ నన్ను రెండే ప్రశ్నలు అడిగింది. పిల్లకి ఇంగ్లీషు వస్తోందా? ఇంకెన్నాళ్ళకి బాగా వస్తుంది? నేను "వస్తోంది" అన్నాను. అది అబద్ధం. మూడు వారాలకొక కొత్త టీచరమ్మ వచ్చి ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టి వెళ్ళిపోయే చోట ఏ భాషా రాదు. ఆవిడ రెండు చేతులూ జోడించి ముఖం దాకా ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. వాళ్ళు దాన్ని 'సంపియా' అంటారు. మన నమస్కారమే. ఆ నమస్కారం నేను తీసుకున్నాను. తిరిగి ఇవ్వలేనిది ఒకటి నా దగ్గరుందంటే అదే.

ఆ రోజుల్లో కంబోడియా బట్టల ఫ్యాక్టరీల్లో కనీస వేతనం నెలకి 80 డాలర్లు. దాన్ని 160 చేయమనే ఆ సమ్మె. నేను సేవ చేయడానికి కట్టిన సొమ్ము ఆ తల్లి ఏడు నెలల జీతం కన్నా ఎక్కువ. ఆ ఆరువందలు ఆవిడ చేతిలో పడి ఉంటే పిల్ల తల్లి దగ్గరే ఉండేది. ఈ లెక్క వేయడానికి డాక్టరేటు అక్కర్లేదు. అయినా నాకు చాలా ఏళ్ళు పట్టింది.

2014 జనవరి 3న నామ్‌పెన్ శివార్లలోని వెంగ్ స్రెంగ్ రోడ్డు మీద సమ్మె చేస్తున్న కార్మికుల మీద సాయుధ పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం నలుగురు చనిపోయారు. నేను అదే దేశంలో ఉన్నాను. నా డైరీలో ఆ తారీకున ఏముందో చెప్పనా? "పిల్లలకి రంగుల పేర్లు నేర్పాను. సూర్యాస్తమయం అద్భుతం."

*

ఇది నా ఒక్కదాని అమాయకత్వం అయితే ఒక పశ్చాత్తాప లేఖతో సరిపోయేది. ఇది వ్యాపారం కాబట్టి రాస్తున్నాను.

2005 నుంచి 2010 వరకు ఐదేళ్ళలో కంబోడియాలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్ళలో యుద్ధం లేదు, కరువు లేదు. ఖ్మేర్ రూజ్ పాలన ముగిసింది 1979లో. అనాథలు పెరగడానికి ఏ కారణమూ లేని కాలంలో అనాథాశ్రమాలు పెరిగాయి. పెరిగింది పర్యాటకులు. యూనిసెఫ్‌తో కలిసి అక్కడి ప్రభుత్వం 2011లో వెలువరించిన అధ్యయనం ఈ లెక్క బయటపెట్టింది. ఆ పిల్లల్లో దాదాపు నలుగురికి ముగ్గురు తల్లిగానీ తండ్రిగానీ ఉన్నవాళ్ళేనని కూడా చెప్పింది. 2015లో ప్రభుత్వం చేసిన లెక్కింపులో అలాంటి సంస్థలు 406, వాటిలో పిల్లలు 16,579 మంది తేలారు. చదువు చెప్పిస్తాం, అన్నం పెడతాం అంటే తల్లిదండ్రులు పంపారు. మనలాంటివాళ్ళం వెళ్ళి ఎత్తుకోవడానికి పిల్లలు కావాలి కాబట్టి పిల్లల్ని పోగుచేశారు. గిరాకీ మనది, సరుకు వాళ్ళ పిల్లలు. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. ఇంతకన్నా మెత్తటి మాట వెతికితే అది మళ్ళీ 'కానీ' దగ్గరికే తీసుకెళ్తుంది.

కంబోడియాలోనే పనిచేసే పిల్లల సంస్థలు 2011లో "పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు" అని ప్రచారం మొదలుపెట్టాయి. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చిన సందర్భంలో, అనాథాశ్రమాల కోసం పిల్లల్ని తరలించడం కూడా బానిసత్వపు రూపమేనని గుర్తించింది. కంబోడియా ప్రభుత్వం కూడా పిల్లల్ని తిరిగి ఇళ్ళకి చేర్చే పని మొదలుపెట్టింది. మన యాత్రా కథనాల్లో మాత్రం ఆ ఒళ్ళో పిల్ల ఇంకా దిగలేదు.

పాశ్చాత్యులకి తెలియకపోవచ్చు, మనకి తెలియదా? 1999లోనూ 2001లోనూ మన రాష్ట్రంలో ఏం జరిగిందో మరిచిపోయామా? దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల్లో పుట్టిన ఆడశిశువుల్ని కొద్ది డబ్బులకి దళారులు తీసుకెళ్ళి హైదరాబాద్ సంస్థలకి చేరిస్తే, అక్కడి నుంచి విదేశీ దంపతులకి దత్తత వెళ్ళేవారు. కాగితాల మీద అంతా సక్రమమే. తల్లి ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు వేలిముద్ర కూడా ఉంటుంది. ఆ వేలిముద్ర వెనక ఎన్ని ఆకళ్ళున్నాయో, ఎందరు మగవాళ్ళ ఒత్తిడి ఉందో మన కార్యకర్తలే తండాలకి వెళ్ళి తవ్వి తీశారు. అదే 2001 డిసెంబరులో కంబోడియా నుంచి పిల్లల దత్తతని అమెరికా నిలిపేసింది, శిశువుల్ని కొని అమ్ముతున్నారన్న ఆరోపణల మీద. నల్లగొండ తండాలోని తల్లీ, టోన్లే సాప్ సరస్సు ఒడ్డు తల్లీ ఒకే సంవత్సరంలో ఒకే వార్త అయ్యారు. ఆ రోజు మనం "తల్లి ఉండగా అనాథ ఎలా అవుతుంది?" అని అడిగాం. పన్నెండేళ్ళ తర్వాత అదే నేల మీద నుంచి వెళ్ళిన నేను ఆ ప్రశ్న అడగలేదు. నా చేతిలో కెమెరా ఉంది మరి.

*

ఇక 'ఆదరణ' సంగతి. ఎవరు ఆదరించారు మనల్ని? మన కథనాలు ఒకసారి మళ్ళీ చదవండి. గెస్ట్‌హౌస్‌లో వేకువనే లేచి టీ పెట్టింది ఆడమనిషి. మార్కెట్లో నవ్వుతూ బేరమాడింది ఆడమనిషి. ఒళ్ళు పట్టింది, బట్టలు ఉతికింది, సంపియా పెట్టింది ఆడమనిషి. అంటే ఒక దేశం నవ్విందని మనం రాసినప్పుడు నవ్విన పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. నవ్వు కూడా శ్రమేనని, విమాన సిబ్బంది ఉదాహరణతో ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే పుస్తకం రాసింది. మన సెమినార్లలో దాన్ని ఉటంకించని వాళ్ళు లేరు. అదే మనం అతిథులమై వెళ్ళేసరికి ఆ నవ్వు 'సంస్కృతి' అయిపోతుంది!

ఖ్మేర్ భాషలో 'చ్బాబ్ స్రెయ్' అని ఒక పద్య గ్రంథం ఉంది. ఆడపిల్ల ఎలా నడవాలో, ఎంత మెల్లగా మాట్లాడాలో, ఇంటి గుట్టు ఎలా దాచాలో, మొగుడికి ఎలా అణిగి ఉండాలో చెబుతుంది. తరతరాలు బళ్ళలో వల్లెవేయించారు. అక్కడి స్త్రీలు పోరాడితే 2007లో కొంత భాగం పాఠాల్లోంచి తీశారు. మన 'కుమారీ శతకం' గుర్తొస్తోందా? మన అమ్మమ్మలు ఆ శతకం వల్లెవేసి నవ్విన నవ్వుని ఎవరైనా పరాయివాడు వచ్చి "ఆంధ్ర స్త్రీల సహజ సౌమ్యత" అని రాస్తే మనం ఊరుకుంటామా? వాణ్ణి ఈ పేజీల్లోనే ఉతికి ఆరేస్తాం. కంబోడియా స్త్రీ నవ్వు మాత్రం సహజం!

ఆ నవ్వు వెనక నోరున్న ఆడవాళ్ళు మన కథనాల్లోకి రాకపోవడమూ యాదృచ్ఛికం కాదు. 2004లో ఎయిడ్స్ నివారణకి సంబంధించిన ఒక మందుని కంబోడియా సెక్స్ వర్కర్ల మీద పరీక్షించబోతే, మాకు జబ్బు చేస్తే దీర్ఘకాల వైద్యం ఎవరు చూస్తారని వాళ్ళు సంఘంగా నిలబడి అడిగారు. ఆ పరీక్ష ఆగిపోయింది. 2008లో మనుషుల అక్రమ రవాణా నిరోధం పేరుతో చట్టం వచ్చాక 'రక్షణ' దాడుల్లో దెబ్బలు తిన్నదీ, నిర్బంధంలో పడ్డదీ ఆ స్త్రీలే. బయటికి తెచ్చి ఒక కుట్టుమిషను చేతిలో పెట్టడాన్ని పునరావాసం అన్నారు. కుట్టుమిషన్ల మాట మాకొద్దు, కార్మిక హక్కుల మాట మాట్లాడండని వాళ్ళు బ్యానరు కట్టారు. ఎందుకంటే కుట్టుమిషను ఎక్కడికి తీసుకెళ్తుందో వాళ్ళకి తెలుసు. వెంగ్ స్రెంగ్ రోడ్డుకి. ఈ బ్యానరు సియెమ్ రీప్‌లో ఏ వాలంటీరుకీ చూపించరు. చూపిస్తే మనకి రక్షించే పని మిగలదు.

మనవాళ్ళకి ఇంకో అదనపు జబ్బు కూడా ఉంది. అంకోర్‌వాట్ ముందు నిలబడగానే "ఇది మన గుడి" అంటాం. పన్నెండో శతాబ్దంలో ఖ్మేర్ రాజు కట్టించాడు, ఖ్మేర్ కూలీలు రాళ్ళు మోశారు, తర్వాత బౌద్ధులు కొలిచారు, ఇప్పుడు వాళ్ళ జెండా మీద ఉంది. మనది ఎలా అయింది? పాశ్చాత్యుడు పిల్లల్ని ఎత్తుకుంటాడు, మనం పిల్లల్నీ గుడినీ రెండూ ఎత్తుకుంటాం.

*

"అయితే వెళ్ళొద్దంటావా? మంచి మనసుతో వెళ్ళడం కూడా తప్పేనా?" నా స్నేహితురాళ్ళు అడిగే ప్రశ్న ఇది. మెక్సికోకి సేవకి వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముఖం మీదే, మీ మంచి ఉద్దేశాలు మాకొద్దని 1968లో ఇవాన్ ఇలిచ్ చెప్పాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రాకండన్నాడు. నేను అంతకన్నా కొత్తగా చెప్పేదేమీ లేదు. వెళ్ళండి. గది అద్దె సరిగ్గా ఇవ్వండి, పెద్దగా బేరమాడకుండా కొనుక్కోండి, వాళ్ళ మ్యూజియాల్లో తలవంచుకుని నిలబడండి. మీకు నిజంగా నైపుణ్యం ఉంటే అక్కడి టీచర్లకీ నర్సులకీ అక్కరైనప్పుడు, వాళ్ళు పిలిస్తే, వాళ్ళ కింద పనిచేయండి. పిల్లని ఒళ్ళోకి మాత్రం తీసుకోకండి.

"కష్టాలు మనకీ ఉన్నాయి, మనమూ మూడో ప్రపంచమే, తెల్లవాళ్ళతో మనకి పోలికేంటి?" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, అందుకే మనకి సాకు ఇంకా తక్కువ. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు మన ఆడవాళ్ళ మెడకి ఉరితాళ్ళయితే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2019లో కంబోడియా మానవహక్కుల సంస్థ లికాడో అక్కడి మైక్రోఫైనాన్స్ మీద నివేదిక ఇచ్చింది. పొలం పట్టా తాకట్టు, వాయిదా కోసం పొలం అమ్మకం, బడి మానేసి పనిలోకి పిల్లలు. ఆ నివేదిక మనకి అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతుంది. ఇక 2024 మేలో సిహనూక్‌విల్‌లో సైబర్ మోసాల ముఠాల చేతిలో బందీలైన భారతీయులు తిరగబడ్డారు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి దళారులకి డబ్బు కట్టి వెళ్ళి అలా చిక్కుకున్నవాళ్ళలో మన విశాఖ కుర్రాళ్ళూ ఉన్నారు. ఒకే దేశం వాలంటీరుకి స్వర్గం, వలస కుర్రాడికి నరకం. రెండు చోట్లా ఉన్నది దళారీ, ముందుగా కట్టే ఫీజు, ఇంటి దగ్గర ఆశపెట్టుకున్న తల్లి. ఇవి చూడగలిగిన కళ్ళు మనవి. తెల్లవాళ్ళ కళ్ళజోడు అరువు తెచ్చుకుని ఎందుకు తిరుగుతాం?

ఎందుకంటే 'సేవ' మనకి తియ్యగా ఉంటుంది. నా కులమూ నా వర్గమూ నాకు నేర్పిన తియ్యదనం అది. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, ఇవ్వడంలో ఎవరూ తప్పు పట్టరు. మన ఉద్ధరణ మీద దళిత స్త్రీలు పెట్టిన అభ్యంతరం 'నల్లపొద్దు' వచ్చిన 2003 నుంచి చదువుతూనే ఉన్నాం, తలలు ఊపుతూనే ఉన్నాం. ఊళ్ళో మానుకున్న అలవాటుని విదేశంలో తీర్చుకుంటున్నాం. అక్కడైతే ఎదురు ప్రశ్న వేసే భాష మనకి రాదు కదా.

నాకు తెలిసిన సంపాదకురాళ్ళకి ఒక విన్నపం. ఇలాంటి యాత్రా కథనం ఈసారి మీ బల్ల మీదకి వస్తే, ఫోటోలో పిల్లల తల్లులు ఎక్కడున్నారని రాసినావిణ్ణి అడగండి. ఆ ఫోటో వేయడానికి ఎవరు ఒప్పుకున్నారని అడగండి. అదే ఫోటోని తన కూతురి విషయంలో ముక్కూమొహం తెలియని పత్రికలో వేయనిస్తుందా అనీ అడగండి. జవాబు రాకపోతే ఫోటో తీసేసి వ్యాసం వేయండి. వ్యాసంలో ఏమీ మిగలకపోతే అదీ ఒక జవాబే.

నా జడ అల్లిన పిల్లకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. పేరు తెలుసు, ఇక్కడ రాయను. తనకి నేను గుర్తుండే అవకాశం లేదు. నా ముందు ఎంతమంది వచ్చారో, నా తర్వాత ఎంతమంది వచ్చారో. బయల్దేరే రోజు నేను గేటు దగ్గర ఏడ్చాను. తను ఏడవలేదు. చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి, లోపలికి వెళ్ళిపోయింది. "పిల్లలు ఎంత ధైర్యవంతులో" అని రాశాను అప్పుడు. అది ధైర్యం కాదు, అలవాటు. ఎనిమిదేళ్ళ పిల్లకి వీడ్కోలు అలవాటు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ వాక్యం చివర ఏ 'కానీ' పెట్టాలో నాకు తెలియడం లేదు, పెట్టను కూడా.